ఏనుగు ఎముక మీద గాటు చూసి, తిన్నది ఎవరో ఎలా చెప్తారు?

చలిదేశం_చందు | శనివారం, రాత్రి 9:12

నేను ఉండేది జర్మనీలోని లైప్‌జిగ్‌లో. మొన్న సెలవు దొరికితే రైలెక్కి పక్కనే ఉన్న హాలే వెళ్ళాను, అక్కడి మ్యూజియం చూద్దామని. ఒకచోట నియాండర్తల్ (మనకు దగ్గరి చుట్టమైన, ఇప్పుడు అంతరించిపోయిన మానవజాతి) మనిషి బొమ్మ, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నెలాఖరు లెక్కలు చూసుకుంటున్నట్టు కూర్చుని ఉంది. దాని సంగతి సరే. నన్ను నిలబెట్టేసింది ఏనుగు అస్థిపంజరం. నిటారు దంతాల ఏనుగట, ఇప్పుడు ఆ జాతి లేదు. మగది భుజం దగ్గరే 4 మీటర్ల దాకా ఉండేదట, బరువు 13 టన్నుల వరకు. మన గుడి ఏనుగు దాని పక్కన నిలబడితే పిల్లలా కనిపిస్తుంది.

ఇంటికొచ్చి చదివితే, హాలే దగ్గర నోయ్‌మార్క్-నోర్డ్ అనే పాత బొగ్గు గనిలో ఇలాంటి ఏనుగులు 70కి పైగా దొరికాయని, 1,25,000 ఏళ్ళ కిందట నియాండర్తల్‌లే వాటిని వేటాడి కోసుకుతిన్నారని ఉంది. కోసుకుతిన్నారంటే సరే అనుకుందాం. వేటాడారని ఎలా తెలుస్తుంది? బురదలో కూరుకుని చచ్చినవాటి మీద పడి ఉండొచ్చు కదా? ఎముకలు చూసి ఇంత కథ ఎలా చెప్తున్నారు? ఇక్కడ తెలిసినవాళ్ళు ఉన్నారని అడుగుతున్నా.

సందేహాలరావు | శనివారం, రాత్రి 9:40

కథ అని మీరే అన్నారు, సరిపోయింది. లక్ష ఏళ్ళ కిందటి ఎముక మీద గీత ఉంటే మనిషి గీసిందా, హైనా కొరికిందా, పైన గుర్రాలు తొక్కితే రాయి గీసుకుందా? ఎవరు చూడొచ్చారు? ఈ శాస్త్రం వాళ్ళు ముందు తీర్పు రాసుకుని తర్వాత సాక్ష్యం వెతుకుతారని నా అభిప్రాయం. తప్పయితే చెప్పండి, వింటాను.

తవ్వకాల_పిల్ల | శనివారం, రాత్రి 11:05

రావు మాస్టారూ, మీ అనుమానం మా సబ్జెక్టులో మొదటి పాఠం. జంతువుల ఎముకల మీదే నా పీహెచ్‌డీ, కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా, తిట్టుకోకండి.

రాతి పనిముట్టు అంచు ఎముకకు తగిలితే సన్నటి లోతైన గాటు పడుతుంది. అడ్డంగా కోసి చూస్తే అడుగు కోసుగా ఉంటుంది, లోపల వెంట్రుకల్లాంటి సన్న గీతలు నిలువునా కనిపిస్తాయి. హైనా, తోడేలు పన్ను దిగితే గుంట పడుతుంది. పన్ను జారితే వచ్చే గాడి అడుగు గుండ్రంగా, గిన్నె లోపలిలా ఉంటుంది. జంతువులు తొక్కినప్పుడు ఇసుకరేణువులు గీసినవి పైపైన, ఒక దిక్కూ దిశా లేకుండా ఉంటాయి. కత్తి గాట్లు అలా కాదు. కండ ఎక్కడ ఎముకను పట్టుకుని ఉంటుందో, కీలు ఎక్కడ విడదీయాలో అక్కడే గుంపుగా ఉంటాయి. ఎముక పచ్చిగా ఉన్నప్పుడు పగిలిందా, ఎండాక విరిగిందా అన్నది కూడా పగులు చూస్తే తెలుస్తుంది. పచ్చి ఎముక మెలితిరిగినట్టు పగులుతుంది, అంచు నున్నగా ఉంటుంది. ఎండింది పుల్లలా అడ్డంగా విరుగుతుంది.

ఇంకోటి, చాలా ముఖ్యం. ఒకే ఎముక మీద గాటూ పంటి గుర్తూ రెండూ ఉంటే, ఏది దేని మీద ఉందో మైక్రోస్కోప్‌లో చూస్తాం. పంటి గుంటను కోసుకుంటూ గాటు వెళ్తే హైనా ముందు తిన్నట్టు. గాటు మీద పన్ను దిగితే మనిషి ముందు.

నోయ్‌మార్క్-నోర్డ్‌లో 3,122 ఏనుగు ఎముకలను, పళ్ళను ఇలా ఒక్కొక్కటీ చూశారు. ఒళ్ళంతా గాట్లే. పాదం కింద కొవ్వు మెత్త ఉంటుందే, దాన్ని కూడా వదల్లేదు. మాంసాహార జంతువుల పంటి గుర్తులు మాత్రం చాలా తక్కువ. అంటే కళేబరం మీద మొదట చెయ్యి పడింది వీళ్ళదే, వెళ్ళేటప్పటికి వెనక వచ్చేవాటికి పెద్దగా ఏమీ మిగల్చలేదు.

నల్లిబొక్క | ఆదివారం, ఉదయం 6:20

అక్కా, పొద్దున్నే దుకాణం తీసే ముందు చదివాను. కరీంనగర్‌లో మా బాపుకు మటన్ దుకాణం. నేను చదివింది ఇంటర్ వరకే, కానీ ఈ గాట్ల విషయంలో ఒక మాట చెప్పొచ్చా?

మంచి పనోడి కత్తి బొక్కకు తగలదు. తగిలితే అంచు పోతుంది, మళ్ళీ నూరుకోవాలి. మా బాపు తొడ మాంసం తీస్తే బొక్క మీద ఒక్క గీత ఉండదు, అద్దంలా వస్తుంది. నేను తీస్తే గీతలే గీతలు. అంటే మీరు లెక్కపెట్టేవన్నీ పొరపాట్లన్న మాట. పొరపాటు లేనోడు ఎంత కోసినా మీకు దొరకడు.

ఇంకా, గీత ఎక్కడుందో చూస్తే ఏం పని చేశాడో నేనూ చెప్తాను. కాలి గిట్ట పైన చుట్టూ గీత ఉంటే తోలు ఒలిచాడు. మోకీలు లోపల ఉంటే ముక్క విడదీశాడు. దవడ లోపలి వైపు ఉంటే నాలుక తీశాడు.

తవ్వకాల_పిల్ల | ఆదివారం, ఉదయం 8:02

తమ్ముడూ, మా క్లాసులో రెండు వారాలు చెప్పింది నువ్వు ఆరు లైన్లలో రాశావు. అవును, గాట్లు పొరపాట్లే. అందుకే గాట్లు తక్కువ ఉన్నాయి కాబట్టి మాంసం తక్కువ తిన్నారు అని మేము అనకూడదు. దవడ లోపలి గీత నాలుక కోసం అన్నదీ నిజమే, అచ్చంగా అలాగే చదువుతాం.

సందేహాలరావు | ఆదివారం, ఉదయం 10:15

గాట్ల వరకు ఒప్పుకున్నాను. కుర్రాడు చెప్పింది బాగుంది, కసాయి దుకాణం కన్నా పెద్ద ప్రయోగశాల లేదు. కానీ చందు గారి అసలు ప్రశ్న అలాగే ఉంది. కోయడం వేరు, చంపడం వేరు.

తవ్వకాల_పిల్ల | ఆదివారం, మధ్యాహ్నం 12:48

ఈ గొడవ మీది మాత్రమే కాదు మాస్టారూ. 1980లలో లూయిస్ బిన్‌ఫర్డ్ అనే అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త ఇదే పట్టు పట్టాడు. నియాండర్తల్‌లకు పెద్ద జంతువుల్ని వేటాడే సత్తా లేదు, సింహాలూ తోడేళ్ళూ వదిలేసింది ఏరుకున్నారని. ఆయన దగ్గర ఆధారం కూడా ఉంది. కొన్ని గుహల్లో దొరికిన ఎముకల్లో తలలూ కాళ్ళ చివర్లే ఎక్కువ, కండ ఉండే తొడ ఎముకలు తక్కువ. మంచి ముక్కలు సింహం తినేశాక మిగిలేది తలా కాళ్ళే కదా.

తప్పు ఎక్కడ దొరికిందంటే, పెట్టెల్లో. పాత రోజుల్లో తవ్వినవాళ్ళు ఏ జంతువో గుర్తుపట్టగల ఎముకలనే దాచేవారు. తొడ ఎముకకు రెండు చివర్లు ఉంటే ఇట్టే గుర్తుపడతాం. మధ్య గొట్టం ముక్కలైతే అన్నీ ఒకలా ఉంటాయి, వాటిని మట్టితో పాటు పారేసేవారు. చివర్లేమో మెత్తటి స్పాంజిలా కొవ్వుతో ఉంటాయి కాబట్టి హైనాలకు వాటి మీదే కన్ను. అంటే చివర్లు హైనాల పాలు, గొట్టాలు చెత్తకుప్ప పాలు. ఇక తొడ ఎముకలు లెక్కలోకి ఎక్కడ నుంచి వస్తాయి? ఇరాన్‌లోని కోబే గుహలో గొట్టం ముక్కల్ని కూడా దాచారు. కర్టిస్ మారియన్ వాటిని కూర్చి 1998లో లెక్క వేస్తే, కండ ఉన్న కాళ్ళ ఎముకలు దండిగా ఉన్నాయి, గాట్లతో సహా. మంచి ముక్కలు ముందుగా అందింది మనుషులకే అని తేలింది.

ఇక చంపడానికి నేరుగా సాక్ష్యం. అదే నోయ్‌మార్క్-నోర్డ్‌లో దొరికిన రెండు దుప్పుల ఎముకల్లో గుండ్రటి రంధ్రాలున్నాయి. ఒకదానికి నడుము ఎముకలో, ఒకదానికి మెడపూసలో. చెక్క ఈటె నమూనాలు చేసి, ఎముకల్లోకి పొడిచి, రంధ్రం ఆకారం పోల్చి 2018లో ప్రచురించారు. దూరం నుంచి విసిరింది కాదు, దగ్గరికి వెళ్ళి పొడిచింది అని వాళ్ళ తీర్మానం. జర్మనీలోనే లేరింగెన్ అనే చోట 1948లో ఏనుగు అస్థిపంజరంతో పాటే యూ చెట్టు కర్రతో చేసిన ఈటె దొరికింది. దక్షిణ జర్మనీ జీగ్స్‌డోర్ఫ్‌లో 48,000 ఏళ్ళ నాటి గుహ సింహం పక్కటెముక లోపలి వైపు కూడా ఇలాంటి పోటు గుర్తే ఉంది.

నోయ్‌మార్క్ ఏనుగుల మీద మాత్రం రంధ్రాల సాక్ష్యం కాదు, వయసుల సాక్ష్యం. దొరికిన వాటిలో ఎక్కువ భాగం ఎదిగిన మగవే. రోగాలకో కరువుకో పోతే ముందు పోయేది పిల్లలూ ముసలివీ. ఇక్కడ తిరగబడింది. మగ ఏనుగు మందతో కాకుండా ఒంటరిగా తిరుగుతుంది, కాబట్టి దాన్ని పట్టుకోవడమే సులువు. పైగా మాంసం ఎక్కువ.

డాక్టరు_ఒంగోలు | ఆదివారం, సాయంత్రం 5:30

అమ్మాయి వయసుల సంగతి ఎత్తింది కాబట్టి నేనూ వస్తాను. ముప్ఫై ఏళ్ళు పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యాను.

మన దగ్గర ఎడ్ల పందేలకు వెళ్ళినవాళ్ళకు తెలుసు. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని పిలుస్తారు. ఎవరూ జనన ధ్రువపత్రం అడగరు, మూతి పట్టుకుని కింది పెదవి తిప్పి చూస్తారు. సంతలో రైతు ఎద్దును కొనేటప్పుడూ అంతే. పురావస్తు శాస్త్రం వాళ్ళు చేసేది కూడా ఇదే, కాకపోతే వాళ్ళ చేతికి వచ్చేసరికి ఎద్దు ఉండదు, దవడ ఉంటుంది. ఏ పన్ను వచ్చింది, ఏది అరిగింది, ఎంత అరిగింది అన్నదాన్ని బట్టి చచ్చేనాటికి వయసు చెప్తారు.

దీనికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. పంటి వేరు చుట్టూ సున్నపు పూతలాంటి పొర ఏటేటా పెరుగుతుంది. మేత బాగా ఉన్న కాలంలో ఒక రంగు పొర, చలికాలంలో ఇంకో రంగు పొర, చెట్టు మానులో వలయాల్లా. పంటిని పల్చగా కోసి చూస్తే చివరి పొర ఏదో కనిపిస్తుంది. అంటే ఆ జంతువు ఎన్నేళ్ళకు చచ్చిందన్నదే కాదు, ఏ కాలంలో చచ్చిందో కూడా తెలుస్తుంది. ఒక గుహలో దొరికిన పళ్ళన్నీ ఒకే కాలం చూపిస్తే, మనుషులు ఆ గుహకు ఆ కాలంలోనే వచ్చిపోయేవారని అర్థం. మా వైపు గొర్రెల మందలు మేత కోసం ఊళ్ళు దాటి వెళ్ళి, వానలు పడ్డాక తిరిగొచ్చినట్టు.

చలిదేశం_చందు | ఆదివారం, రాత్రి 10:22

డాక్టరు గారూ, పళ్ళ ఉదాహరణ అదిరింది. పాలపళ్ళ విభాగం పోటీలు నేనూ చిన్నప్పుడు చూశాను, ఇలా పనికొస్తుందనుకోలేదు.

నేను ఇంకాస్త చదివాను. పది టన్నుల ఏనుగు ఒకటి పడితే దాదాపు 4 టన్నుల తిండి వస్తుందని, మనిషికి రోజుకు కావాల్సిన తిండి లెక్కన 2,500 పూర్తి రోజుల భోజనం అని ఆ పరిశోధకుల అంచనా. 25 మంది గుంపుకు మూడు నెలలు. 350 మందికి వారం. ఇక్కడ ఆగిపోయాను. నియాండర్తల్‌లు ఇరవై ముప్ఫై మంది చిన్న గుంపులుగా బతికారనే ఎప్పుడూ చదివాం. మరి ఒక ఏనుగు పడగానే ఏం చేసేవారు? అటు ఎండబెట్టి దాచే పద్ధతైనా ఉండాలి, ఇటు చుట్టుపక్కల గుంపులన్నిటినీ పిలిచి అయినా ఉండాలి. పిలిచారనుకోవడమే నాకిష్టం. పెళ్ళి భోజనాలంత జనం. కానీ అది నా ఊహ, రావు గారు కోప్పడకూడదు.

సందేహాలరావు | ఆదివారం, రాత్రి 10:41

ఊహ అని చెప్పి ఊహిస్తే నాకేం అభ్యంతరం లేదండీ.

పెరటి_తోట | సోమవారం, ఉదయం 11:10

వంట పూర్తిచేసి వచ్చాను. అందరూ ఏనుగు, ఈటె, సింహం అంటున్నారు. ఆకూ అలమూ సంగతేమిటి? ఎముక లక్ష ఏళ్ళు ఉంటుంది, తోటకూర కాడ లక్ష ఏళ్ళు ఉండదు కదా. మా ఇంటి చెత్తబుట్ట చూసి ఎవరైనా మేం ఏం తింటామో చెప్పాలంటే, కోడి ఎముకలు చూసి రోజూ చికెన్ అనుకుంటారు. మేం తినేది ఆదివారం ఒక్కరోజే.

నల్లిబొక్క | సోమవారం, మధ్యాహ్నం 2:35

అక్కా, మా దగ్గరికి వచ్చే పాత గిరాకీలు, వయసైన పెద్దలు, ఎప్పుడూ మెత్తటి కండ అడగరు. నల్లి బొక్క వెయ్యి, కొంచెం కొవ్వు వెయ్యి అంటారు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, జిమ్ముకు పోయేవాళ్ళు బొక్క లేకుండా కండ కావాలంటారు. నియాండర్తల్ ఎవరి లెక్క?

డాక్టరు_ఒంగోలు | సోమవారం, రాత్రి 7:50

పెద్దవాళ్ళ లెక్కే బాబూ, అందులో అనుమానం లేదు.

ఒట్టి కండ తిని మనిషి బతకలేడు. మాంసకృత్తులు అరిగాక మిగిలే నత్రజనిని కాలేయం యూరియాగా మార్చాలి, దానికి ఒక హద్దు ఉంది. కొవ్వూ పిండిపదార్థమూ లేకుండా కుందేలు లాంటి చిక్కిన మాంసమే తింటూ పోతే కడుపు నిండుతుంది కానీ మనిషి నీరసించి పడిపోతాడు. ఉత్తర అమెరికా మంచుదేశాల్లో తిరిగినవాళ్ళు దీన్ని కుందేలు కరువు అనేవారు. పచ్చటి కూర దొరకని చలికాలంలో మిగిలిన శక్తి వచ్చేది కొవ్వులోంచే.

అయితే చలికాలం చివరికి జంతువులూ చిక్కిపోతాయి. నా సర్వీసులో ఒక కరువేడాది, మేత లేక పడిపోయిన ఆవుకు పోస్టుమార్టం చేశాను. చర్మం కింద కొవ్వు లేదు, మూత్రపిండాల చుట్టూ లేదు, తొడ ఎముక కోసి చూస్తే మూలుగ గట్టిగా తెల్లగా ఉండాల్సింది ఎర్రటి జిగురు నీళ్ళలా కారింది. ఒంట్లో అన్నిచోట్లా కొవ్వు అయిపోయాక ఆఖరున ఖర్చయ్యేది మూలుగలోనిది. అందుకే చిక్కిన జంతువులో కూడా ఎముక పగలగొడితే ఎంతో కొంత దొరికేది. నియాండర్తల్ స్థావరాల్లో దాదాపు ప్రతి పొడుగు ఎముకా పగిలే ఎందుకుంటుందో నాకు ఆ ఆవు గుర్తొస్తే అర్థమవుతుంది.

తవ్వకాల_పిల్ల | సోమవారం, రాత్రి 11:30

డాక్టరు గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర రెండు మంచి ఉదాహరణలున్నాయి.

ఒకటి జర్మనీలోని జాల్ట్స్‌గిట్టర్-లేబెన్‌ష్టెట్. అక్కడ శరదృతువులో రెయిన్‌డీర్‌ను వేటాడారు. జతకట్టే కాలానికి ముందు మగ రెయిన్‌డీర్ బాగా కొవ్వెక్కి ఉంటుంది, ఆ సమయానికే వేట పడింది. అంతకన్నా ముఖ్యం, మూలుగ కోసం పగలగొట్టింది ఎదిగినవాటి ఎముకల్నే. పిల్లవాటివి, మూలుగ తక్కువ ఉండే ఎముకలు పగలకుండా పడున్నాయి. ఆకలితో ఏది దొరికితే అది తినేవాడి పద్ధతి కాదు ఇది. ఏరుకుని, వద్దన్నది వదిలేసినవాడి పద్ధతి.

రెండోది మళ్ళీ నోయ్‌మార్క్-నోర్డే, చెరువు ఒడ్డున ఇంకో చోటు. ఆ ఫలితం 2025లో వచ్చింది. కనీసం 172 పెద్ద జంతువులు, ఎక్కువగా గుర్రాలు, దుప్పులు, అడవి పశువులు. వాటి ఎముకలన్నీ వేల వేల చిన్న ముక్కలుగా నలగ్గొట్టి ఉన్నాయి. మూలుగ కోసమైతే రెండు దెబ్బలు చాలు, ఇంత నలగ్గొట్టక్కర్లేదు. ఇది ఎముక లోపలి స్పాంజిలో దాగిన కొవ్వు కోసం. ముక్కలు చేసి నీళ్ళలో వేసి మరిగిస్తే కొవ్వు పైకి తేలుతుంది, చల్లారాక తీసుకోవచ్చు. పాయా వండినవాళ్ళకు ఇది కొత్త కాదు, రాత్రి వదిలేసిన గిన్నెలో పొద్దున తెల్లటి తెట్టు కడుతుంది చూడండి, అదే. ఇలాంటి పని మన జాతి మనుషులకే, అదీ చాలా ఆలస్యంగా వచ్చిందని అంతకు ముందు అనుకునేవారు.

కుండ లేకుండా ఎలా మరిగించారు అని ఇప్పుడు రావు మాస్టారు అడుగుతారు. బడిలో కాగితపు కప్పులో నీళ్ళు పోసి కొవ్వొత్తి మీద పెట్టిన ప్రయోగం గుర్తుందా? నీళ్ళు మరుగుతాయి, కాగితం కాలదు. తోలు సంచితో, చెట్టు బెరడు దొన్నెతో నేరుగా మంట మీద చేసి చూశారు, పని చేస్తుంది. వీళ్ళు దేంతో చేశారన్నది మాత్రం మట్టిలో మిగల్లేదు.

సందేహాలరావు | మంగళవారం, ఉదయం 9:00

కుండ సంగతి అడగబోయాను, నిజమే. సరే, ఓడిపోయాను అనను కానీ వెనక్కి తగ్గాను. పెరటి తోట గారి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఎముక మాట్లాడుతుంది సరే, మిగిలినవి మాట్లాడలేవు కదా. మరి ఎముకనే నమ్ముకుంటే పక్షపాతం కాదా?

తవ్వకాల_పిల్ల | మంగళవారం, ఉదయం 10:25

పక్షపాతమే. వదినగారు చెప్పిన చెత్తబుట్ట మాట మా విభాగం గోడ మీద రాసి పెట్టుకోవచ్చు.

దాన్ని దాటడానికి రెండు దారులున్నాయి. ఒకటి పంటి గార. వాళ్ళెవరూ తోముకోలేదు కాబట్టి గార రాయిలా గట్టిపడి తిన్నవాటి నలుసుల్ని పట్టి ఉంచింది. ఇరాక్‌లోని శనిదార్ గుహ మనిషి పళ్ళ గారలో ఖర్జూరం, బార్లీ జాతి గింజల పిండి రేణువులు దొరికాయి, కొన్ని ఉడికినవి కూడా. స్పెయిన్‌లో ఎల్ సిద్రోన్ గుహవాళ్ళ గారలో పుట్టగొడుగు, పైన్ గింజ, నాచు డీఎన్ఏ వచ్చింది. అదే పద్ధతిలో చూస్తే బెల్జియంలోని స్పీ గుహ మనిషి తిన్నది ఉన్ని ఖడ్గమృగం, అడవి గొర్రె. అంటే వదినగారూ, ఊరిని బట్టి వంట.

రెండోది నియాండర్తల్ ఎముకలోని నత్రజని. నత్రజనిలో మామూలు రకం, కాస్త బరువైన రకం అని రెండుంటాయి. తిండి గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఈ బరువైన నత్రజని శాతం పెరుగుతుంది. గడ్డిలో తక్కువ, గుర్రంలో ఎక్కువ, గుర్రాన్ని తినే తోడేలులో ఇంకా ఎక్కువ. నియాండర్తల్‌లో చూస్తే తోడేలు, హైనాలతో సమానంగా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అందుకే చాలా కాలం వీళ్ళు పులి లాంటి ఒట్టి మాంసాహారులనుకున్నారు. కానీ డాక్టరు గారు చెప్పినట్టు మనిషి కాలేయం పులి కాలేయం కాదే. ఎలా కుదురుతుంది? మెలనీ బీస్లీ బృందం 2025లో ఒక జవాబు ఇచ్చింది. భోజనం చేస్తున్నవాళ్ళు తర్వాత చదవండి. నిలవ ఉంచి కుళ్ళిన మాంసంలో పట్టే పురుగులు. వాటిలో బరువైన నత్రజని మాంసం కన్నా చాలా ఎక్కువ, పైగా అవి కొవ్వుతో నిండి ఉంటాయి. దాచిన మాంసాన్ని పురుగులతో సహా తింటే ఆ లెక్క కుదురుతుందని.

ఇది ఇంకా ప్రతిపాదనే. నాకైతే నమ్మబుద్ధవుతోంది, ఎందుకంటే మళ్ళీ కొవ్వు దగ్గరికే వచ్చింది.

పెరటి_తోట | మంగళవారం, ఉదయం 10:58

తర్వాత చదవమన్నారు, నేను ఇడ్లీ తింటూ చదివేశాను. మా నాన్నమ్మ వర్షాకాలంలో ఉసిళ్ళు పట్టి వేయించేది, రుచి ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి ఇడ్లీ పూర్తిచేశాను.

వేదిక_నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 11:15

చర్చ బాగా సాగుతోంది. పురుగుల ఫోటోలు మాత్రం ఎవరూ పెట్టవద్దని మనవి.

బేతంచెర్ల_బండ | మంగళవారం, సాయంత్రం 6:05

కొత్త సభ్యుణ్ణి. మాది కర్నూలు వైపు. మా ఊరి దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి, దొరల కాలంలో తవ్వి ఎముకలు తీసుకెళ్ళారని పెద్దలు అంటారు. అవి నియాండర్తల్‌లవా?

తవ్వకాల_పిల్ల | మంగళవారం, రాత్రి 8:40

కాదండీ. మన దేశంలో ఇప్పటిదాకా నియాండర్తల్ ఎముక ఒక్కటి కూడా దొరకలేదు. కానీ మీ పెద్దలు చెప్పింది నిజం. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు ఆ గుహల్లో తవ్వి రకరకాల జంతువుల ఎముకలు బయటికి తీశారు. కొన్నిటిని ఎముక పనిముట్లుగా కూడా గుర్తించారు. పనిముట్టా, పంటి పనా అన్న తగాదా అలాంటి ఎముకలకు ఎక్కడైనా తప్పదు. ఎప్పుడైనా వెళ్తే గుహ గోడలు చూడండి, నేల మీది ఎముకను మాత్రం జేబులో వేసుకోకండి. ఏ పొరలో ఉందో తెలియని ఎముక మాకు మూగది.

ఎముకను చూసి పొరబడటం అంటే గుర్తొచ్చింది. ఇటలీలో గువత్తారి గుహలో 1939లో ఒక నియాండర్తల్ పుర్రె దొరికింది. చుట్టూ రాళ్ళు, పుర్రె అడుగు పెద్దగా పగిలి ఉంది. మెదడు తీసి తిని, పూజ చేసి, రాళ్ళ మధ్య పెట్టారని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు. తర్వాత జాగ్రత్తగా చూస్తే అది హైనాల గుహ, పగలగొట్టింది హైనాలే. రావు మాస్టారు ఆ రోజుల్లో ఉంటే బాగుండేది.

చలిదేశం_చందు | బుధవారం, రాత్రి 9:30

ఇంకొకటి దొరికింది. ఇజ్రాయెల్‌లో అముద్, కెబారా అని రెండు గుహలు, మధ్య దూరం 70 కిలోమీటర్లు. రెండిట్లోనూ 50-60 వేల ఏళ్ళ కిందట నియాండర్తల్‌లు చలికాలాల్లో ఉన్నారు. ఒకే రకం జింకలు, దుప్పులు తిన్నారు. ఒకే రకం చెకుముకి రాళ్ళతో కోశారు. కానీ గాట్లు పోల్చి చూస్తే తేడా. అముద్‌లో గాట్లు దట్టంగా, ఒకదాని మీద ఒకటి పడి, వంకరటింకరగా ఉన్నాయి. కెబారాలో విడివిడిగా, తిన్నగా. పనితనం తక్కువనుకోవడానికి లేదు, పనిముట్లు అవే, జంతువులూ అవే. అముద్ వాళ్ళు మాంసాన్ని ఎండబెట్టో, కాస్త మాగబెట్టో కోసి ఉండొచ్చని, ఆ పద్ధతి తరాలుగా నేర్పుకుంటూ వచ్చిందై ఉండొచ్చని 2025లో వచ్చిన పరిశోధన అంటోంది.

నాకు వెంటనే మా అమ్మ, అత్తగారు గుర్తొచ్చారు. ఒకే గోంగూర, ఒకే మిరపకాయ. ఒకరిది గుంటూరు, ఒకరిది కాకినాడ. పచ్చడి రుచి చూసి ఎవరిదో చెప్పొచ్చు. కిందటిసారి తప్పు చెప్పి ఇబ్బంది పడ్డాను, అది వేరే సంగతి.

నల్లిబొక్క | గురువారం, రాత్రి 10:15

చందు అన్నా, నువ్వు రాసింది చదివి నిన్న రాత్రే ఒక పని చేశాను. బాపు తీసిన కాలి బొక్క ఒకటి, నేను తీసినది ఒకటి, పక్క వీధిలో మా చిన్నాన్న దుకాణం ఉంటే ఆయన తీసినది ఒకటి తెచ్చి రాత్రి ఉడకబెట్టి, కండంతా తీసి కడిగాను. సెల్ లైటు అడ్డంగా పెట్టి చూస్తే గాట్లు బాగా కనిపిస్తాయి.

బాపుది మోకీలు దగ్గర రెండే గాట్లు, పక్కపక్కన, సన్నగా. నావి పద్నాలుగు లెక్కపెట్టాను, తర్వాత వదిలేశాను. చిన్నాన్నవి ఐదు, కానీ అన్నీ ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నాయి. ఆయనది ఎడమ చెయ్యి. ఇన్నేళ్ళు ఆయన కొట్టింది చూస్తూనే ఉన్నా, బొక్క మీద చూసేదాకా పట్టించుకోలేదు. బాపుకు చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఇది మా తమ్ముడిదే అన్నాడు, నేను చెప్పకముందే.

అక్కకు ఫోటోలు పంపుదామని మూడూ కిటికీ గోడ మీద ఆరబెట్టాను. పొద్దున లేచి చూస్తే వీధి కుక్క బాపు బొక్కను ఎత్తుకుపోయింది. సందు చివర దొరికింది. రెండు చివర్లూ కొరికేసింది, మధ్య గొట్టం ఒక్కటే మిగిలింది. మోకీలు దగ్గరి ఆ రెండు గాట్లూ పోయాయి.

తవ్వకాల_పిల్ల | గురువారం, రాత్రి 10:31

ఆ గొట్టాన్ని పారేయకు తమ్ముడూ. దాని మీద పంటి గుర్తులు దగ్గర నుంచి ఫోటో తీసి పంపు, వచ్చే వారం జూనియర్లకు క్లాసు ఉంది.